పదిహేడో నంబరు బిళ్ల

కళ్లజోళ్ల షాపు వెనక గదిలో, నీళ్లు చిమ్ముతూ తిరిగే సానరాయి ముందు కూర్చుని ఇరవై ఆరేళ్లుగా అద్దాలు అరగదీస్తున్న ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. షాపులో ఆమె ‘అద్దాలక్క’. ఇంట్లో మొగుడు ‘ఇదిగో’ అంటాడు. ఆదివారాలు కొండలెక్కే నడక సంఘంలో మాత్రం ‘తోకక్క’. ఆ పేరు ఆమెకు ఎగతాళిగా ఎప్పుడూ అనిపించలేదు. వరసలో చివర నడవడం ఆమె పని. పనిని బట్టి పేరు. అంతే.

అద్దం పని చేసేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. మిల్లీమీటరు తేడా వస్తే నిద్ర పట్టదు. అద్దం మధ్యబిందువు కంటిపాపకు సరిగ్గా ఎదురుగా రాకపోతే పెట్టుకున్నవాడికి తలనొప్పి, వాంతులు, మెట్ల మీద తడబాటు. వాడు కంటి డాక్టర్ని తిడతాడు, ఫ్రేమును తిడతాడు, తన వయసును తిట్టుకుంటాడు. వెనక గదిలో అద్దం అరగదీసిన మనిషి ఎవరికీ గుర్తు రాదు. అలా తప్పించుకోవచ్చు. ఆమె మాత్రం ఎప్పుడూ తప్పించుకోలేదు. తన చేతి తప్పైతే ముందు గదిలోకి వచ్చి, “నాదే తప్పండీ, సాయంత్రానికి మార్చిస్తా” అని చెప్పేసేది. షాపు యజమానికి ఇది అస్సలు నచ్చేది కాదు.

సంఘంలో చేరింది కూర్చుని కూర్చుని నడుం పట్టేసినందుకు. మొదటి ఆదివారం అందరికన్నా అరగంట ఆలస్యంగా దిగింది. బస్సు వెళ్లిపోయి ఉంటుందనే అనుకుంది. వెళ్లలేదు. సంఘం పెట్టిన పెద్దాయన, సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరైన మనిషి, ఒక చెక్క ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చెక్కకు ముప్పై కొక్కేలు. డబ్బా మూతలు కత్తిరించి, మేకుతో అంకెలు పొడిచిన ముప్పై రేకు బిళ్లలు. ఎక్కేముందు ఒక్కొక్కరూ ఒక బిళ్ల మెడలో వేసుకోవాలి. దిగాక ఎవరి బిళ్ల వాళ్లే, తమ చేత్తోనే కొక్కేనికి తగిలించాలి. అందరివీ వచ్చాక చివర నడిచినవాళ్లు ఒకటో నంబరు తగిలిస్తే బస్సు కదులుతుంది. రెండు దార్లు పడితే రెండో జట్టుకీ ఒక తోక ఉండాలి. పెద్దాయన పెట్టిన చట్టం మొత్తం ఇదే. ఆయన పోయాక ఒకటో నంబరు బిళ్ల ఆమె మెడలోకి వచ్చింది. పందొమ్మిదేళ్లలో ఒక్క మనిషి కూడా కొండ మీద మిగల్లేదు.

ఈ మధ్య కమిటీలో రెండు ముఠాలు తయారయ్యాయి. అధ్యక్షుడు లెక్చరర్ గారు. రిటైరైనా ఉపన్యాసం మానలేదు. మోకాళ్లు నొప్పులు కాబట్టి నడక మెల్లగా, అందరికీ అందేలా ఉండాలంటాడు. కార్యదర్శి పళ్ల డాక్టరు. నలభై ఏళ్లు, కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు ఎక్కుతాడు. ఎన్ని నిమిషాల్లో ఎక్కామో ఫోన్‌లో పెట్టకపోతే ఎక్కినట్టే కాదంటాడు. ఇద్దరి మధ్యా రాజీలు కుదురుస్తూ తిరిగేది ఇన్సూరెన్సు బాబాయి. ‘ఐక్యత’ అనే మాట ఆయన నోట్లో వక్కపలుకులా ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. ఇక స్టేషనరీ షాపు అన్నదమ్ములు. అన్న చెయ్యెత్తితే తమ్ముడూ ఎత్తుతాడు. డ్రాయింగు టీచరు గొంతు కమిటీలో విన్నవాళ్లు లేరు. ఏడో మనిషి తోకక్క. ఆమెకు ముఠా లేదు. చివర నడిచేవాళ్లకు ముఠా ఎక్కడిది?

ఆ ఆదివారం ఇరవై ఆరుగురు వచ్చారు. సగం కొండ ఎక్కాక నీళ్ల తొట్టి దగ్గర దారి రెండుగా చీలుతుంది. పళ్ల డాక్టరు అక్కడ రాయెక్కి నిలబడ్డాడు.

“గట్టు దారిన పోతే అరగంట కలిసొస్తుంది. దమ్మున్నవాళ్లు రండి!”

అతనితో కలిపి తొమ్మిది మంది అటు వెళ్లారు. అందులో నర్సమ్మ ఒకరు. ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైంది. పదకొండేళ్లుగా వరసలో తోకక్కకు సరిగ్గా ముందు నడిచేది ఆమే. ఇద్దరూ కూతుళ్ల గురించి, మోకాళ్ల గురించి, చచ్చిపోయిన పేషెంట్ల గురించి మాట్లాడుకుంటూ ఎక్కేవాళ్లు. అరవై ఒకటి నిండిన వారమే కాబట్టి, ఆ రోజు నర్సమ్మకు పౌరుషమొచ్చింది.

“ఇవాళ నీకు నా వీపు కనపడదే,” అని వెళ్లిపోయింది.

“డాక్టరు గారూ, మీ జట్టుకు తోక ఎవరు?” అని తోకక్క కేకేసింది.

“అక్కా, తోక లేకపోతే నడవలేమా? మనుషులం కదా!” అన్నాడు. గట్టు మీద వాళ్లంతా నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వు తల్చుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తర్వాత జరిగింది ఇది. గట్టు దిగుడులో నర్సమ్మ ఆయాసపడుతుంటే పళ్ల డాక్టరు మర్యాదగా ఆమె బ్యాగు తీసుకున్నాడు. ఫోను అందులోనే ఉంది. బిళ్ల మెడ మీద గీరుకుంటోందని ఆమె దాన్ని కూడా బ్యాగు పక్క జేబులోనే పెట్టింది. అందరికన్నా ముందు కిందికి దిగిన డాక్టరు జేబులోంచి తొంగిచూస్తున్న పదిహేడో నంబరు బిళ్లను చూశాడు. వెనకే వస్తోందిగా అనుకుని కొక్కేనికి తగిలించాడు. బ్యాగు తీసుకెళ్లి బస్సులో పైన పెట్టి టీకి వెళ్లాడు. మెల్లగా నడిచే పదహారు మందిని దించుకుని తోకక్క వచ్చేసరికి చెక్క మీద ఇరవై అయిదు బిళ్లలు వరసగా మెరుస్తున్నాయి. తనది తగిలించింది. బస్సు కదిలింది.

నలభై నిమిషాల తర్వాత బస్సులో, పై అరలో, ఒక ఫోన్ మోగింది. ఎవరూ తియ్యలేదు. మళ్లీ మోగింది. తోకక్క లేచి బ్యాగు తెరిచి చూస్తే తెర మీద ‘అమ్మాయి’ అని ఉంది. ఆమె తలెత్తి బస్సు మొత్తం చూసింది. ఒక సీటు ఖాళీ.

బస్సు వెనక్కి తిరిగింది. వీళ్లు మళ్లీ ఎక్కి వెళ్లేసరికి నర్సమ్మ కాలు బెణికి చీలమండ వాచి, ఎండలో రాతి మీద కూర్చుని ఉంది. పక్కన అటవీ కాపలాదారు. తోకక్క చెయ్యి చాపితే నర్సమ్మ పట్టుకోలేదు. కాపలాదారు భుజం పట్టుకుని లేచింది. బస్సులో పక్కన కూర్చుని కట్టు కట్టినవాడు పళ్ల డాక్టరు. మర్నాడు సాయంత్రం తోకక్క వాళ్లింటికి వెళ్తే కూతురు తలుపు సగమే తీసింది.

“అమ్మ పడుకుంది ఆంటీ. లెక్క చూసుకోవాల్సింది మీరేనట కదా. డాక్టరు గారు అమ్మకు ఫోన్ చేసి చెప్పారు,” అంది. తలుపు పడింది.

మూడు అంతస్తులు దిగుతుంటే తోకక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. లెక్క చూసుకోవాల్సింది తనే. నిజం. బిళ్లలు లెక్కపెట్టింది, మనుషుల్ని లెక్కపెట్టలేదు. పందొమ్మిదేళ్లలో చెక్క ఒక్కసారీ అబద్ధం చెప్పకపోవడంతో తలలు చూడటమే మానేసింది. ఆ తప్పు తనది, ఎవరికీ ఇవ్వదు. కానీ చెక్క చేత అబద్ధం చెప్పించింది ఎవరు? తోక లేకుండా జట్టును తీసుకెళ్లింది ఎవరు? పదకొండేళ్ల స్నేహితురాలి చెవిలో సగం నిజం ఊదింది ఎవరు?

కొండ మీద ప్రమాదం జరిగితే సంఘం పుస్తకంలో నివేదిక రాసి, కమిటీ ఏడుగురూ సంతకం చేసి, దాని నకలు అటవీ ఆఫీసుకు ఇవ్వాలి. అది అందేదాకా అనుమతి ఆగిపోతుంది. ఈ సంగతి తెలిసిన మర్నాడే లెక్చరర్ గారు కళ్లజోడు బాగుచేయించుకునే నెపంతో షాపుకొచ్చాడు.

“ఈ పళ్ల డాక్టరు గాణ్ణి ఈసారి వదిలే ప్రసక్తే లేదమ్మా. నువ్వు గట్టిగా నిలబడు. నీ వెనక నేనున్నాను,” అన్నాడు గొంతు తగ్గించి.

“నా వెనక ఎవరూ ఉండరండీ. అదే కదా నా పని,” అంది ఆమె ఫ్రేము మర బిగిస్తూ. ఆయనకు జోకు అర్థం కాలేదు.

మూడో రోజు పళ్ల డాక్టరు వచ్చాడు. స్టూలు మీద చనువుగా కూర్చున్నాడు.

“అక్కా, ఒక పుస్తకంలో ఒక లైను. ఎవరు చదువుతారు చెప్పు? నా పేరు రాస్తే పేషెంట్లకు తెలుస్తుంది, నా ప్రాక్టీసు పోతుంది. నీకైతే పోయేదేముంది?”

సానరాయి ఆపకుండానే ఆమె అతన్ని చూసింది. నీకైతే పోయేదేముంది! ఇరవై ఆరేళ్లు వెనక గదిలో కూర్చున్న మనిషికి పరువు ముందు గదిలోనే ఆగిపోతుందని ఇతని లెక్క కాబోలు.

“నీళ్లు చిమ్ముతాయి డాక్టరు గారూ, దూరంగా కూర్చోండి,” అంది.

రెండో ఆదివారం లైబ్రరీ వెనక గదిలో మీటింగు. పాత పేపర్ల కట్టలు, కాలు విరిగిన బల్ల, ఏడు కుర్చీలు. లోపలికి అడుగుపెట్టగానే ఆమెకు తేడా తెలిసింది. ఉప్పూ నిప్పూలా ఉండే లెక్చరర్ గారూ పళ్ల డాక్టరూ పక్కపక్కన కూర్చుని ఒకే ఫోన్‌లో ఏదో చూసి నవ్వుతున్నారు. బాబాయి మొహంలో పెళ్లి కుదిర్చినంత వెలుగు.

పళ్ల డాక్టరు నివేదిక చదివాడు. “వరస చివర నడిచే బాధ్యురాలు లెక్క సరిగా చూసుకోకపోవడం వల్ల ఒక సభ్యురాలు సుమారు రెండున్నర గంటలు కొండపై ఉండిపోయారు.” అంతే. చీలిన దారి లేదు. బ్యాగు లేదు. బిళ్ల లేదు.

ఆమె లెక్చరర్ గారి వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు. తర్వాత తెలిసింది, నెలకు రెండు ఆదివారాలు మెల్లగా నడిచేలా డాక్టరు ఒప్పుకున్నాడట. దానికి బదులుగా ఈ లైను. మూడేళ్ల తగువు ఇలా తీరింది. ఇద్దరూ చెరో అడుగు వెనక్కి వేసి, వెనక నిలబడ్డ మనిషిని తొక్కారు.

“సంఘం చీలిపోకుండా ఉండాలంటే ఎవరో ఒకరు కాస్త సర్దుకోవాలి కదమ్మా. ఐక్యత ముఖ్యం,” అన్నాడు బాబాయి.

“ఇందులో నా తప్పు ఉంది బాబాయ్. నేను తలలు లెక్కపెట్టలేదు. అది ఇంకా గట్టిగా రాయండి, సంతకం పెడతా. కానీ పదిహేడో నంబరు తగిలించిన చెయ్యి ఎవరిదో కూడా రాయాలి.”

“ఇది సమష్టి బాధ్యత అనుకోవాలమ్మా,” అన్నాడు లెక్చరర్ గారు, క్లాసులో ఉన్నట్టు చూపుడువేలు ఎత్తి.

“సమష్టి అయితే ఏడుగురి పేర్లూ రాయండి! ఒక్కదాని తప్పు రాసి సమష్టి అంటారేంటండీ?”

“అక్కా, పర్సనల్‌గా తీసుకోకు,” అన్నాడు డాక్టరు.

“పర్సనల్‌గా రాశారు, పర్సనల్‌గా కాక ఎలా తీసుకోవాలి?”

అన్న చెయ్యెత్తాడు, తమ్ముడూ ఎత్తాడు. బాబాయి ఎత్తాడు. డ్రాయింగు టీచరు చెయ్యి కూడా బల్ల మీద నుంచి ఒక బెత్తెడు లేచింది, ఎత్తినట్టో జుట్టు సర్దుకున్నట్టో తెలియకుండా. ఆరు సంతకాలు పడ్డాయి. పెన్ను తోకక్క ముందుకొచ్చింది. ఆమె దానికి మూత పెట్టి బల్ల మీద పెట్టి లేచింది.

తర్వాతి మూడు ఆదివారాలు నడకల్లేవు. అరవై మంది సభ్యుల వాట్సాప్ గ్రూపు మెసేజీలతో ఆమె ఫోన్ ఇటుక బట్టీలా కాలింది. ‘ఒక్కరి మొండితనం వల్ల అందరికీ ఇబ్బంది’ అని ఒకరు. దాని కింద పన్నెండు నమస్కారం బొమ్మలు. ‘పదవి మీద అంత ఆశా?’ అని ఇంకొకరు. పదవి! వరస చివర మట్టి తింటూ నడవడం పదవట! ఆయాసం వచ్చిన ప్రతివాళ్ల నీళ్ల సీసాలూ పందొమ్మిదేళ్లు మోసిన పదవి.

మోటార్లు బాగుచేసే మొగుడు ఆదివారం పొద్దున బ్రష్షు నోట్లో పెట్టుకుని ఆమెను వింతగా చూశాడు. “ఆదివారం నువ్వు ఇంట్లో ఉంటే ఎవరింట్లోనో ఉన్నట్టుంది నాకు. పెట్టేయరాదూ ఆ సంతకం?”

“నువ్వు కట్టిన మోటారు ఇంకెవడో కాల్చేసి, కట్టినవాడిదే తప్పని రాస్తే పెడతావా?”

అతను వెళ్లి నురగ ఉమ్మేసి వచ్చాడు. “వాడి చెయ్యి విరగ్గొడతా.”

“నేను సంతకమే మానేశా. చేతులు విరగ్గొట్టలేదు. మెచ్చుకో.”

అటవీ ఆఫీసు నుంచి రెండో ఉత్తరం వచ్చాక మళ్లీ మీటింగు పెట్టారు. ఈసారి ఆమె వాదించదలుచుకోలేదు. కూర్చుంటూనే అంది: “నేను ఎవర్నీ ఏమీ అనను. ఆ రోజు కింద, చెక్క దగ్గర, ఎవరి చేతులు ఏం చేశాయో ఎవరికి వాళ్లు చెప్పండి. నాతో మొదలుపెడతా. నేను ఒకటో నంబరు తగిలించాను. మనుషుల్ని చూడలేదు. బాబాయ్, మీరు?”

“నేనా? నా బిళ్ల తగిలించి బస్సెక్కాను.” అన్న తనది తగిలించాడు. తమ్ముడూ అంతే. లెక్చరర్ గారు పన్నెండో నంబరు తగిలించి మోకాలికి మందు రాసుకున్నాడు. ఒక్కొక్కరూ ఇంత చిన్న నిజం చెప్పడానికి కుర్చీల్లో కదిలారు. డ్రాయింగు టీచరు వంతు వచ్చింది.

“నేను మెట్టు మీద కూర్చుని చెక్క బొమ్మ గీస్తున్నాను,” అంది, బల్ల మీది గీతలు చూస్తూ. గదిలో ఆమె గొంతు అందరికీ కొత్తగా వినిపించింది. “డాక్టరు గారు బ్యాగులోంచి తీసి తగిలించారు. చూశాను. నర్సమ్మ గారు ఎక్కడని అడుగుదామనుకున్నాను. ఎందుకులే అనుకున్నాను. పోయినసారి సంతకం కూడా ఎందుకులే అనుకునే పెట్టాను. నా పేరు కొట్టేయండి అందులోంచి.”

బాబాయి ‘ఐక్యత’ అనబోయి దగ్గాడు. లెక్చరర్ గారు పళ్ల డాక్టరుకు దూరంగా జరిగి కూర్చున్నాడు. అది చూసి తోకక్కకు డాక్టరు మీదకన్నా లెక్చరర్ మీదే అసహ్యమేసింది. డాక్టరు తప్పు చేసి దాచాడు. ఈయన తెలిసీ తనను అమ్మాడు, ఇప్పుడు బేరం చెడగానే చేతులు దులుపుకుంటున్నాడు.

పళ్ల డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. చివరికి పెన్ను తీసుకున్నాడు. “సరే. ఏం రాయమంటావ్?”

“ఏం చేశారో అది.”

అతను అయిదు వాక్యాలు రాశాడు. తోక లేకుండా జట్టును తీసుకెళ్లడం, బ్యాగు, బిళ్ల, ఆమె కొండ మీద గడిపిన సుమారు రెండున్నర గంటలు. చివరి వాక్యం దగ్గర ఆగి, “ఆమెకు ఫోన్‌లో చెప్పిన మాట కూడా రాయాలా?” అని అడిగాడు.

“అది పుస్తకంలో కాదు. ఆమె దగ్గరే చెప్పాలి.”

తోకక్క దాని కింద తన రెండు వాక్యాలు రాసింది. ఏడు సంతకాలు పడ్డాయి. బాబాయి ఊపిరి పీల్చుకుని కాగితం తిరగేశాడు. “హమ్మయ్య. తర్వాతి అంశం, ఈ ఏడాది టోపీల రంగు.”

“టోపీలా?” తోకక్క లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. “అయిదు వారాలైంది! ఇంతవరకు ఆమె కాలు ఎలా ఉందని ఈ గదిలో ఒక్కరు అడిగారా? మీరు అడిగారా? నేనైనా అడిగానా, నా లైను గొడవలో పడి? డాక్టరు గారూ, పుస్తకం తీసుకోండి. లేవండి.”

“ఫోన్ చేస్తానక్కా, ముందు ఒకసారి...”

“ఫోన్‌లోనే కదా చెడింది!”

లేచాడు. మూడు అంతస్తులు ఇద్దరూ ఎక్కారు. ఈసారి తలుపు తీసింది నర్సమ్మే, చంకలో కర్రతో. ఇద్దర్నీ చూసి పక్కకు జరిగింది. రమ్మనలేదు, వద్దనలేదు. కుర్చీలో కూర్చుని కట్టు కట్టిన కాలు పీట మీద పెట్టుకుంది. పళ్ల డాక్టరు నిలబడే మొత్తం చదివాడు. తర్వాత, “మీతో ఆ రోజు ఫోన్‌లో చెప్పింది కూడా సగమేనమ్మా. మిగతా సగం ఇది,” అన్నాడు.

నర్సమ్మ తోకక్క వైపు తిరిగింది.

“నా బిళ్ల చూశావు. నా మొహం చూశావా?”

“లేదు.”

“ఆ రాతి మీద కూర్చుని ఏమనుకున్నానో తెలుసా? ఇదిగో, ఇప్పుడొస్తుంది, అది లెక్క తప్పదు, అనుకున్నాను. వాచీ చూసుకుంటూ.”

తోకక్క చెప్పడానికి ఉన్నది పుస్తకంలో ఉంది.

“నీ మీద కోపం ఇంకా ఉంది నాకు,” అంది నర్సమ్మ.

“ఉండనీ. కోపం ఉన్నన్నాళ్లూ రోజూ వస్తా, తిట్టు.”

నర్సమ్మ చెయ్యి చాపి పుస్తకం తీసుకుంది. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చదివింది. ఒకచోట వేలు ఆగింది.

“ఇది తప్పు. రెండున్నర గంటలు కాదు. రెండు గంటల యాభై నిమిషాలు.”

“సుమారుగా రాశాంలెండి అమ్మా. ఇరవై నిమిషాలు పెద్ద తేడా...”

“వెళ్లి కూర్చో ఆ రాతి మీద ఇరవై నిమిషాలు. చెప్పులు జారిపోయి, కాలు వాచి, గొంతెండిపోయి కూర్చో. కూర్చుని అప్పుడొచ్చి చెప్పు నాకు, పెద్దదో చిన్నదో!”

పళ్ల డాక్టరు బల్ల దగ్గరికి వెళ్లి, పాత అంకె కొట్టేసి కొత్తది రాశాడు. దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం పెట్టాడు. తోకక్క పెన్ను అందుకుని, వంగి, ఒకసారి అంకె సరిచూసి, తనదీ పెట్టింది.